చూరు కింద వాన

కొండవాలు మీద కొత్త కాలనీ కడుతున్న ఆ సైటులో, వాన ఎంత పడిందో చూసి రాయడం ఆమె పని. రోజూ పొద్దున ఎనిమిదింటికి సిమెంటు గోదాము పక్కనున్న వాన గొట్టం దగ్గరికి వెళ్తుంది. గొట్టం అంటే పెద్ద వస్తువేమీ కాదు, గీతలు పెట్టిన జానెడు ప్లాస్టిక్ గొట్టం, ఒక కర్రకి బిగించి ఉంటుంది. వంగి, కళ్లజోడు సర్దుకుని, నీళ్లు ఏ గీతకి ఆనాయో చూస్తుంది. ఒకసారి చూస్తే ఆమెకి నమ్మకం ఉండదు. మూడుసార్లు చూస్తుంది. అప్పుడు రిజిస్టరులో తారీఖు వేసి, అంకె వేసి, పక్కన గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టి, గొట్టంలో నీళ్లు పారబోస్తుంది.

సైటులో అందరూ ఆమెని వానమ్మ అంటారు. ఆ పేరు ఉద్యోగం వల్ల వచ్చిందే అయినా, అంతకు ముందు నుంచే ఆమెకి అతికినట్టు సరిపోయేది. మబ్బు పడితే చాలు, వరదొచ్చేస్తుందనుకుంటుంది. గాలి వీస్తే రేకు ఎగిరి ఎవరి మెడ మీద పడుతుందో అనుకుంటుంది. ఫోన్ మోగితే ఎవరో పోయారనుకుంటుంది. మోగకపోతే పోయిన కబురు చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదనుకుంటుంది. సైటు వాచ్‌మన్ ఒకసారి ఆమెతో, "చెల్లెమ్మా, నువ్వు పడ్డ భయాల్లో పదో వంతు నిజమైనా ఈ పాటికి ఊళ్లో మనిషన్నవాడు మిగిలేవాడు కాదు," అన్నాడు. ఆమె నవ్వలేదు. "మిగిలిన తొమ్మిది వంతులూ దారిలో ఉన్నాయేమో, ఎవరు చూడొచ్చారన్నయ్యా," అంది.

ఉద్యోగం ఇప్పించింది కూతురు. ఆ సైటుకి పర్మిట్ తీసుకునేటప్పుడు, వాన నీళ్లు మట్టినీ సిమెంటునీ కడుక్కుని కిందనున్న వాగులో కలవకుండా ఏమేం చేస్తారో ప్లాన్ రాసివ్వాలి. ఆ ప్లాన్‌లో రాసినవన్నీ జరుగుతున్నాయో లేదో కంపెనీ తరఫున చూసే ఆఫీసరు ఆ అమ్మాయే. ఏడో తరగతితో బడి మానేసిన తల్లికి, కూతురు హెల్మెట్ పెట్టుకుని చేతిలో కాగితాల చుట్టతో లారీల మధ్య నడుస్తుంటే చూడ్డానికి రెండు కళ్లూ చాలేవి కావు. ఒక కన్ను మురిసిపోతే ఇంకో కన్ను లారీలని చూసేది.

"ఎలాగూ ఆకాశం వంక చూస్తూనే ఉంటావు కదమ్మా, ఆ చూసేదేదో ఉద్యోగంగా చూడు," అని కూతురు నవ్వుతూ తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

పని నేర్పినప్పుడు కూతురు గుర్తుపెట్టుకోమన్న అంకె ఒక్కటే, పన్నెండు. రోజులో పన్నెండు మిల్లీమీటర్లు దాటి వాన పడితే ఇరవైనాలుగు గంటల్లోపల సైటంతా తిరిగి చూడాలి. వాలు కింద కట్టిన బట్ట కంచెలు నిలబడ్డాయా, బురద నీళ్లు ఆగి తేటపడాల్సిన ఒండ్రు గుంట పొర్లిందా, వాగులోకి పోయే నీళ్లు ఏ రంగులో ఉన్నాయి అన్నీ రాయాలి. నీళ్లు సీసాలో పట్టి పరీక్షకి పంపాలి. తప్పుంటే అది సరిచేసేదాకా మట్టి తవ్వకం ఆపాలి. పన్నెండు దాటకపోతే ఈ తిప్పలేవీ లేవు, వారానికోసారి చుట్టి వస్తే చాలు.

మొదట్లో గొట్టం గేటు లోపల ఖాళీ జాగాలో ఉండేది. లారీలు వెనక్కి తిరిగేది అక్కడే. గొట్టం చూడ్డానికి వంగినప్పుడల్లా వీపు మీద లారీ ఎక్కినట్టే ఉండేది ఆమెకి. వారం రోజులు అదే పాట పాడితే, ఒక సాయంత్రం కూతురు తనే కర్ర పీకి గోదాము గోడ పక్కకి, ఇంకో వైపు నీళ్ల ట్యాంకు ఉండే సందులోకి మార్చింది. "ఇదిగో, నీ కోసమే. ఇక్కడికి లారీ కాదు గదా సైకిలు కూడా రాదు," అంది. ఆ రోజు ఆమె కూతురి తల నిమిరి, ఇంటికెళ్లాక కూడా అదే తలుచుకుని కళ్లు తుడుచుకుంది. పైగా ఆ సందులో నేల ఎప్పుడూ సగం పొడిగా ఉండేది. చెప్పులకి బురద అంటకుండా వెళ్లి రావచ్చు.

వాలు దిగాక వాగు ఒడ్డున ఆమె అక్కకి మొక్కల నర్సరీ ఉంది. వాగు నీళ్లు మోటారుతో తోడి సన్నటి గొట్టాల్లోంచి మళ్ల మీద చిలకరిస్తుంది. ఇరవై ఏళ్లుగా అదే బతుకు. ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచి వాగు టీ రంగులో వస్తోంది. చిలకరించే గొట్టాల చిల్లులు పూడిపోతున్నాయి. లేత ఆకుల మీద బురద ఎండి పెంకు కడుతోంది. అక్క పర్మిట్ ఆఫీసుకి కాగితం రాసింది. వాళ్లు సైటు నుంచి రిజిస్టరు నకలు తెప్పించుకున్నారు.

ఒక శుక్రవారం పొద్దున అక్క చచ్చిన నారు ట్రే ఒకటి చంకన పెట్టుకుని సైటు మేనేజరు గదికి వచ్చింది. వానమ్మ అప్పుడే రిజిస్టరు బల్ల మీద పెట్టి బయటికి వస్తోంది. అక్కని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"కూర్చోండమ్మా," అన్నాడు మేనేజరు. "మీ ఫిర్యాదు చూశాం. కానీ ఈ నెలన్నరలో పన్నెండు దాటిన వాన ఒక్కటీ లేదు. అంత చిన్న వానకి మా మట్టి అంత దూరం రాదు. వాగు పైన ఇంకెన్ని పొలాలు, ఎన్ని రోడ్లు లేవు."

"ఒక్కటీ లేదా?"

"మేం చెప్పడం కాదు, రోజూ రాస్తాం." రిజిస్టరు తిప్పి ఆమె ముందు పెట్టాడు.

అక్క అంకెల మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వెళ్లింది. ఎనిమిది. పదకొండు. ఆరు. తొమ్మిది. వేలు సంతకం దగ్గర ఆగింది. చెల్లెలి వైపు తిరిగింది.

"ఈ రాత నీదేనా?"

"నాదే అక్కా."

"మొన్న మంగళవారం మా షెడ్డు మీద పడిన వాన తొమ్మిదా?"

"గొట్టంలో ఎంతుంటే అంతే రాశాను."

"చుక్క పడితే చెరువు తెగిందని వీధంతా లేపే దానివి. పెళ్లైన కొత్తలో జల్లు పడిందని పుట్టింటికి పరుగెత్తుకొచ్చావు. అలాంటి దానికి ఇప్పుడు వాన తొమ్మిదైపోయిందిట." అక్క ట్రేని బల్ల మీద రిజిస్టరు పక్కన పెట్టింది. ఎండిన బురద పొట్టులా రాలింది. "కూతురి ఉద్యోగం తియ్యగానే ఉంటుందిలే."

"అక్కా, ఒట్టు, నేను..."

"ఒట్లు నాకెందుకే. గురువారం ఆఫీసు నుంచి మేడం వస్తోంది. ఈ పుస్తకం నిజమంటే నా కాగితం చింపేస్తారు. ఇంకో మూడు వానలు ఇలాగే వస్తే నేను మోటారు అమ్ముకుని ఇంట్లో కూర్చుంటాను. అప్పుడు నువ్వే వచ్చి రాసుకో, ఎన్ని మిల్లీమీటర్లు ఏడ్చానో."

అక్క వెళ్లిపోయింది. మేనేజరు ట్రేని గుమ్మం బయట పెట్టించాడు.

వానమ్మ ఆ ట్రే పక్కనే నిలబడింది. ఆమె ఆ పుస్తకంలో ఒక్క అంకె కూడా కల్పించి రాయలేదు. అయితే ఆమెకి మాత్రమే తెలిసిన సంగతి ఒకటుంది. సైటు గొట్టం ఎవరైనా తన్నేస్తే ఎలా అన్న భయంతో, ఇంటి డాబా మీద కూడా అడుగు చదునుగా ఉన్న బిస్కెట్ డబ్బా ఒకటి పెట్టి, కూతురి చిన్నప్పటి స్కేలుతో కొలిచి క్యాలెండరు మీద రాసుకుంటోంది. ఇల్లు సైటుకి పది నిమిషాల నడక. ఆ మంగళవారం గొట్టంలో తొమ్మిది ఉంటే, డబ్బాలో ఇరవై ఉంది.

అప్పుడే అడిగింది కూడా. కూతురు తల దువ్వుకుంటూ అద్దంలోంచే నవ్వింది. "డబ్బా నోరు ఎంత వెడల్పుందమ్మా? గొట్టం నోరు ఎంత సన్నం? వెడల్పు నోట్లో ఎక్కువ వాన పడుతుంది. అందుకే లోతు ఎక్కువ చూపిస్తుంది. చిన్న లెక్క."

అవును కదా అనుకుంది తల్లి. తనకి ఆ పాటి తట్టనందుకు సిగ్గుపడింది. ఏడో తరగతి బుర్రకి ఇవన్నీ ఎక్కడ ఎక్కుతాయిలే అని క్యాలెండరు మీద రాసుకున్న అంకెలకి పక్కన "డబ్బా లెక్క" అని కూడా రాసింది, ఎవరైనా చూసి పొరపడకుండా.

ఇప్పుడు ఆ లెక్కే అక్కకి చూపించాలనుకుంది. వెడల్పు షెడ్డు మీద పడితే వాన ఎక్కువగానే అనిపిస్తుందని, తన కూతురు అబద్ధమాడే పిల్ల కాదని, తను అమ్ముడుపోలేదని. ఒక వెడల్పు డబ్బా, ఒక సన్నటి గ్లాసు పక్కపక్కనే వానలో పెట్టి, "చూడక్కా, ఎంత తేడా ఉందో చూడు" అనాలి. అక్క ఇంకేం మాట్లాడుతుంది?

సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళకి మబ్బు కమ్మింది. ఆమె సంచిలోంచి బిస్కెట్ డబ్బా, పొడుగాటి నిలువు గ్లాసు తీసి, గేటు దగ్గర ఖాళీ జాగాలో రాళ్ల మధ్య కదలకుండా పెట్టింది.

"ఏంటి చెల్లెమ్మా, వానకి విందా?" అన్నాడు వాచ్‌మన్, గదిలోంచి మెడ బయటికి పెట్టి.

"లెక్క చూస్తున్నా అన్నయ్యా."

"అయితే నా టిఫిన్ డబ్బా కూడా పెట్టు. ఎలాగూ ఖాళీయే."

గంటన్నర పడింది వాన. ఆమె వాచ్‌మన్ గదిలో కూర్చుని పిడుగు ఏ క్రేను మీద పడుతుందోనని చూస్తూనే ఉంది. వెలిశాక వెళ్లి స్కేలు ముంచింది. డబ్బాలో పద్దెనిమిది. గ్లాసులో పద్దెనిమిది. ఇంకోసారి ముంచింది. మూడోసారి కళ్లజోడు తుడుచుకుని ముంచింది. టిఫిన్ డబ్బాలోనూ పద్దెనిమిదే.

"ఏమైంది, లెక్క తప్పిందా?" అన్నాడు వాచ్‌మన్ వచ్చి నిలబడి.

"వెడల్పు నోట్లో ఎక్కువ ఉండాలి కదా?"

"ఎక్కువే పడతాయి. పరుచుకోడానికి జాగా కూడా ఎక్కువే కదా మరి. లోతు ఎందుకు మారుతుంది?" అతను తన డబ్బాలో నీళ్లు ఒంపేసుకున్నాడు. "మనింటి వాకిట్లో ఒక వాన, పక్కింటి పెద్ద వాకిట్లో ఇంకో వానా పడుతుందేంటి?"

ఆమె గోదాము సందులోకి నడిచింది. గొట్టంలో ఎనిమిది. పుస్తకం తీయలేదు. మొదటిసారి గొట్టం వంక కాకుండా తలెత్తి పైకి చూసింది. గోదాము రేకు గోడ దాటి మూరెడు ముందుకి వచ్చి ఉంది. దాని వాలు అవతలి వైపుకి కాబట్టి చూరు నీళ్లు ఇటు కారవు. గాలితో వాలుగా వచ్చే వాన గోడకి కొట్టుకుని ఆగిపోతుంది. ఇంకో వైపు ట్యాంకు. గొట్టం చుట్టూ నేల ఎప్పటిలాగే సగం పొడిగా ఉంది. ఆ పొడి నేలని రోజూ చూస్తూనే ఉంది తను. చెప్పులు శుభ్రంగా ఉన్నాయని సంతోషించింది.

కూతురి ఆఫీసు ఒక ఇనప డబ్బా గది. గోడకి పెద్ద ప్లాను అతికించి ఉంది. తల్లి తలుపు దగ్గరగా వేసి నిలబడింది.

"తడిశావా? టవల్ ఉంది చూడు," అంది కూతురు కంప్యూటరు మీంచి కళ్లు తియ్యకుండా.

"గొట్టం ఆ సందులో ఎందుకు పెట్టావే?"

"ఇప్పుడేంటమ్మా. లారీ గుద్దుతుందని నువ్వేగా గోల పెట్టావు."

"నా భయం కోసమేనా?"

కూతురు తల ఎత్తింది. తల్లి చేతిలో స్కేలు, డబ్బా చూసింది. ఏదో హాస్యమాడబోయి ఆగింది.

"గ్లాసులోనూ పద్దెనిమిదే, డబ్బాలోనూ పద్దెనిమిదే," అంది తల్లి. "గొట్టంలో ఎనిమిది."

కూతురు లేచి ప్లాను దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, ఇది ఒండ్రు గుంట. ప్లాన్‌లో ఇంత. తవ్వింది ఇందులో సగం. మిగతా సగం మీద ఆరు ఇళ్లు లేపేశారు. నేను వచ్చేసరికే పునాదులు పడ్డాయి. ఒక్క పెద్ద వాన రాస్తే తనిఖీ చెయ్యాలి, చేస్తే గుంట పొర్లుతోందని రాయాలి, రాస్తే పని ఆగుతుంది. ఆగితే ముందు పోయేది నేను. ఇంకో రెండు నెలలు, వానలు తగ్గి గడ్డి మొలిస్తే వాలు గట్టిపడుతుంది. ఎవరికీ ఏమీ కాదు."

"మీ పెద్దమ్మకి అయింది."

"పెద్దమ్మ సంగతి నేను చూసుకుంటాను. కొత్త నారు కొనిపెడతాను."

"డబ్బా నోరు వెడల్పని చెప్పావు నాకు."

"ఏదో ఒకటి చెప్పాలి కదమ్మా. నువ్వు వదలవు."

"నాకు తెలీదని చెప్పావు." గొంతు పెరగలేదు. "నేను సిగ్గుపడ్డానే ఆ రోజు. నా కూతురికి ఇంత తెలుసు, నాకు ఇంత కూడా తెలీదని. ఆ క్యాలెండరు మీద నా అంకెలు నేనే తప్పని రాసుకున్నాను."

కూతురు కిటికీ వైపు తిరిగింది.

"ఇంతమంది ఉండగా ఈ పనికి నన్నే ఎందుకు తెచ్చావు?"

"అమ్మా, వదిలెయ్."

"చెప్పు."

"నీ అంకెల్ని ఎవరూ అనుమానించరు కాబట్టి." కూతురు అటు తిరిగే అంది. "చిన్న జల్లుని తుఫాననే మనిషివి. నువ్వు ఎక్కువ రాస్తావేమో గానీ తక్కువ రాయవని అందరికీ తెలుసు. మేనేజరు కూడా అదే అన్నాడు."

తల్లి బల్ల అంచు పట్టుకుంది. లారీల భయమూ తనదే, చదువు లేకపోవడమూ తనదే, పదిమందీ తన మాట మీద పెట్టుకున్న నమ్మకమూ తనదే. మూడింటినీ ఏరి తెచ్చి ఆ గొట్టం చుట్టూ కంచె కట్టింది, తను కన్న పిల్ల.

"గురువారం మేడం అడిగితే, రాసింది నేనే అని చెప్పు చాలు," అంది కూతురు మెత్తగా, దగ్గరికి వచ్చి. "అది అబద్ధం కాదు కదా. ఇంకేం చెప్పొద్దు. చెప్తే పర్మిట్ కాగితాలు తారుమారు చేసినట్టు నా పేరు రాస్తారు. మళ్లీ ఎక్కడా ఈ పని దొరకదు."

ఆ తర్వాతి రెండు రోజులు ఆమె ఎలా గడిపిందో ఆమెకే తెలియాలి. కూతుర్ని పోలీసులు తీసుకెళ్లడం కళ్లకి కట్టింది. ఉద్యోగం పోయి, ఆ పిల్ల మాట్లాడ్డం మానేసి, ఏదో చేసుకోవడం కళ్లకి కట్టింది. అక్క నర్సరీ తలుపుకి తాళం పడడమూ కళ్లకి కట్టింది. మంగళవారం మధ్యాహ్నం మళ్లీ జోరుగా వాన పడింది. బుధవారం ఎనిమిదింటికి ఆమె సందులోకి వెళ్లి, మూడుసార్లు చూసి, పది అని రాసి, సంతకం పెట్టింది. గొట్టం కదిలించలేదు. అక్క ఇంటివైపు వెళ్లే మలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

గురువారం వచ్చిన మేడం పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుని వచ్చింది. మేనేజరు గదిలో కూర్చుని రిజిస్టరు పేజీలు తిప్పింది. ఒక పక్కన కూతురు, మేనేజరు. గుమ్మం దగ్గర అక్క, చేతులు కట్టుకుని.

"ఇవి రాసేది మీరేనా?"

"నేనే మేడం," అంది వానమ్మ.

"రోజూ గొట్టం చూసే రాస్తారా? ఎవరైనా చెప్తే రాస్తారా?"

"చూసే రాస్తాను. మూడేసి సార్లు చూస్తాను."

"మేడం, ఆవిడ గురించి మీరు ఎవర్నడిగినా చెప్తారు," అన్నాడు మేనేజరు నవ్వుతూ. "వానంటే ఆవిడకి ప్రాణం మీదికి వచ్చినట్టే. ఆవిడ తక్కువ రాయడమనేది ఉండదు."

మేడం కూడా కొంచెం నవ్వింది. కూతురి భుజాలు సడలడం తల్లికి కనబడింది. అక్క గుమ్మంలోంచి బయటికి, వాలు కిందికి చూస్తోంది. మేడం కలం మూత తీసి కాగితం మీద ఏదో రాయడం మొదలుపెట్టింది.

వానమ్మ ఆ మాటే మళ్లీ లోపల అనుకుంది. ఆవిడ తక్కువ రాయడమనేది ఉండదు. తన గురించి ఎవరైనా చెప్పిన మంచి మాట అది ఒక్కటే, దాన్ని తన ముందే ఇంకొకరు వాడుకుంటున్నారు.

"మేడం," అంది. "అంకెలు అడిగారు. గొట్టం ఎక్కడుందో అడగలేదు."

"అమ్మా," అంది కూతురు చాలా చిన్నగా.

మేడం కలం ఆపింది. వానమ్మ ముందు నడిచింది. వెనక అందరూ వచ్చారు. సందులోకి ఒక్కొక్కరే పట్టాలి. మేడం గొట్టం పక్కన నిలబడి, తలెత్తి రేకు చూసింది, గోడ చూసింది, ట్యాంకు చూసింది, ఆఖరికి బూటు కొనతో పొడి నేలని గీకింది.

"ఇక్కడ పెట్టిందెవరు?"

కూతురు తల్లి ముఖంలోకే చూస్తోంది. చిన్నప్పుడు తప్పు చేసి దొరికినప్పుడు కూడా ఆ పిల్ల అలాగే చూసేది, అమ్మ అడ్డం వస్తుందని తెలిసినట్టు.

"నా కూతురు పెట్టింది," అంది తల్లి. "ఇంతకు ముందు గేటు దగ్గర ఖాళీ జాగాలో ఉండేది. నేను లారీలకి భయపడుతున్నానని ఇటు మార్చానంది, నేను నమ్మాను." సంచిలోంచి క్యాలెండరు తీసి ఇచ్చింది. "ఇవి మా డాబా మీద డబ్బాలో పడినవి. పక్కన డబ్బా లెక్క అని రాసి ఉంటుంది, అది కొట్టేయండి. వాటిల్లో పన్నెండు దాటినవి తొమ్మిదున్నాయి. సోమవారం గేటు దగ్గర కూడా కొలిచాను. అక్కడ పద్దెనిమిది, ఇక్కడ ఎనిమిది."

"సోమవారం నుంచీ మీకు తెలుసా?"

"తెలుసు."

మేడం కూతురితో ఏవో అడగడం మొదలుపెట్టింది. ఆ మాటలేవీ తల్లికి ఎక్కలేదు. అక్క దగ్గరికి వచ్చి నిలబడింది.

"సోమవారమే తెలుసా నీకు?"

"అక్కా..."

"మంగళవారం వానకి నాలుగు మళ్లు పోయాయి. మోటారు కట్టేసి ఉంటే మిగిలేవి. ఒక్క మాట చెప్పడానికి పది నిమిషాల దారి." అక్క చెల్లెలి ముఖంలో ఏదో వెతికి, దొరకనట్టు చూపు తిప్పుకుంది. "ఇవాళ చెప్పావులే. సంతోషం." అని ఒక్కతే వాలు దిగి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే తవ్వకం ఆపించారు. గుంట పూర్తిగా తవ్వేదాకా కొత్త పునాది వెయ్యకూడదన్నారు. మేనేజరు తనకేమీ తెలియదని కాగితం రాసిచ్చాడు. ఆఫీసు రిపోర్టులో పడింది కూతురి పేరు ఒక్కటే. పని నుంచి తీసేశారు.

ఇంట్లో మూడు రోజులు గిన్నెల చప్పుడే మాట్లాడింది. నాలుగో రోజు బట్టలు సర్దుకుంటూ కూతురు అంది: "ఇంకో ఊళ్లో స్నేహితురాలి దగ్గర ఉంటాను. ఏదైనా షాపులో చేరతాను. అందరి ముందూ నిలబెట్టావు నన్ను. తల్లివి."

"రోజూ ఎనిమిదింటికి నన్ను నిలబెట్టలేదా నువ్వు," అంది తల్లి. చొక్కా ఒకటి మడతపెట్టి పెట్టెలో పెట్టబోతే కూతురు అందుకుని తనే పెట్టుకుంది.

ఆదివారం పొద్దున బస్సెక్కింది. ఆ బస్సు బ్రేకుల గురించి, డ్రైవరు నిద్ర గురించి, దారిలో వంతెన గురించి తల్లి మామూలుగా పడే భయాలన్నీ పడింది. మధ్యాహ్నం రెండింటికి ఫోన్ మోగింది.

"వచ్చేశానమ్మా. గదికి చేరాను," అంది కూతురు గొంతు.

ఇన్నేళ్లూ ఆ ఒక్క మాట వినగానే ఆమె గుండె కుదుటపడేది. లోకంలో దేన్ని నమ్మకపోయినా, ఆ పిల్ల వచ్చేశానంటే వచ్చేసినట్టే. ఇప్పుడు ఫోన్ చెవికి పెట్టుకుని ఎదురుచూసింది. కుదుటపడలేదు.

"పక్కన మీ స్నేహితురాలు ఉందా?" అంది.

"ఉంది. ఎందుకు?"

"ఒక్కసారి ఫోన్ ఇవ్వు."

అవతల చాలాసేపు ఏ చప్పుడూ లేదు. కూతురికి అర్థమైందని తల్లికి తెలిసింది. అయినా ఫోన్ పెట్టెయ్యలేదు, మాట వెనక్కి తీసుకోలేదు. చివరికి చేతులు మారిన గరగర వినిపించి, ఎవరో తెలియని పిల్ల గొంతు పలికింది.

"ఆంటీ, చేరిందండీ. ఇక్కడే ఉంది. ఏడుస్తోంది."